బిల్లు పాసైంది సరే, అందులో ఏం రాశారు?

విభజన చట్టం చివర్లో పదమూడో షెడ్యూలు అని ఒకటుంది. రెండు రాష్ట్రాల్లోనూ పదేళ్లకు పైగా ధర్నాలు, దీక్షలు, ఢిల్లీ యాత్రలు దాని చుట్టూనే తిరిగాయి. దాన్ని నేరుగా తెరిచి చదివినవాళ్లు మాత్రం తక్కువ. చదివితే ఒక తేడా ఇట్టే కళ్లకు తగులుతుంది. తెలంగాణలో 4000 మెగావాట్ల విద్యుత్ కేంద్రం విషయంలో ‘ఎన్టీపీసీ నెలకొల్పాలి’ అని రాశారు. కడప ఉక్కు ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి ‘సాధ్యాసాధ్యాలను సెయిల్ (కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ) ఆరు నెలల్లో పరిశీలించాలి’ అని ఉంది. మనం బయ్యారం ఉక్కు అని పిలుచుకునే ఖమ్మం జిల్లా ఫ్యాక్టరీకీ అదే మాట. కోచ్ ఫ్యాక్టరీకీ అదే, ఆంధ్రప్రదేశ్ రైల్వే జోన్‌కీ అదే.

పరిశీలించాలి అంటే పరిశీలిస్తే చాలు. కట్టి తీరాలని కాదు. సెయిల్ పరిశీలించింది, గిట్టుబాటు కాదంది. రైల్వే జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరి 27న వచ్చింది, అంటే చట్టం చెప్పిన ఆరు నెలలు దాటిపోయి నాలుగేళ్లు గడిచాక. ఎన్టీపీసీ మాత్రం రామగుండంలో తొలి దశగా 1600 మెగావాట్ల ప్లాంటు కట్టింది. ఫలానా పని జరగడానికి, జరగకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి, కాదనను. కానీ ‘నెలకొల్పాలి’ అన్న మాట చేతిలో ఉన్నవాడు అడిగే తీరు వేరు, ‘పరిశీలించాలి’ అన్న మాట పట్టుకుని వెళ్లినవాడు అడిగే తీరు వేరు.

మరి ఆ మాట మార్చగలిగిన చోటు ఏది? ఎప్పుడు మార్చి ఉండాల్సింది? ఇది తెలియాలంటే లోక్‌సభలో బిల్లు ఎలా నడుస్తుందో కొంచెం లోపలికి వెళ్లి చూడాలి. టీవీలో స్క్రోలింగ్ వచ్చేది రెండే సందర్భాల్లో: బిల్లు ప్రవేశపెట్టినప్పుడు, పాసైనప్పుడు. చట్టం అసలు తయారయ్యేది ఆ రెంటికీ మధ్య.

బిల్లు అంటే చట్టానికి ముసాయిదా. అందులో వరసగా నంబర్లు వేసిన వాక్యాలను క్లాజులు అంటారు. చట్టమయ్యాక అవే సెక్షన్లు. చివరి పేజీల్లో మంత్రి సంతకంతో ‘ఉద్దేశాలు, కారణాలు’ అనే ప్రకటన ఒకటి ఉంటుంది. మనం పేపర్లలో చదివేది చాలాసార్లు దాన్నే. అది ఎంత అందంగా ఉన్నా చట్టంలో భాగం కాదు. సినిమాకు పోస్టర్ లాంటిది.

ప్రవేశపెట్టడమంటే మంత్రి లేచి ‘ఈ బిల్లు ప్రవేశపెట్టడానికి సభ అనుమతి కోరుతున్నాను’ అనడం. సాధారణంగా నిమిషంలో అయిపోతుంది. కావాలంటే ప్రతిపక్షం ఇక్కడే అడ్డం తిరగవచ్చు, ఓటింగ్ అడగవచ్చు. 2024 డిసెంబర్ 17న జమిలి ఎన్నికల బిల్లుకు అదే జరిగింది. అది 129వ రాజ్యాంగ సవరణ బిల్లు. ఓటింగ్ పెడితే, యంత్రం చూపిన లెక్కను స్లిప్పులతో సరిచేశాక అనుకూలంగా 269, వ్యతిరేకంగా 198 తేలాయి. ‘చూశారా, ప్రభుత్వానికి మూడింట రెండొంతులు లేవు’ అని ఒక వైపు, ‘చూశారా, నెగ్గింది’ అని మరో వైపు సంబరపడ్డారు. ఇద్దరి మాటా నిజమే. రాజ్యాంగ సవరణ బిల్లయినా ప్రవేశపెట్టడానికి మామూలు మెజారిటీ చాలు. పాసు కావాలంటే మాత్రం 368వ అధికరణ ప్రకారం రెండు గీతలు దాటాలి. మొత్తం సభ్యుల్లో సగానికి మించి రావాలి, ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులూ రావాలి. ఆ రోజు ఓటేసినవాళ్లు 467 మంది. అందులో మూడింట రెండొంతులంటే 312. సభలోని 543 మందీ వచ్చి ఓటేస్తే 362 కావాలి. 269కీ 362కీ మధ్య దూరం చిన్నది కాదు. ఆ బిల్లును 39 మంది సభ్యుల సంయుక్త పార్లమెంటరీ కమిటీకి పంపారు.

కమిటీ అంటే మనవాళ్లకు చిన్నచూపు. ‘కమిటీ వేశారంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టినట్టే’ అనేది మన ఊళ్లలో పాత మాట. కొన్నిసార్లు నిజమే కూడా. కానీ బిల్లులో మాటలు మారే అవకాశం ఎక్కువగా ఉండేది అక్కడే. కెమెరాలుండవు, నినాదాలుండవు. అధికారులను పిలిచి కూర్చోబెట్టి ‘ఈ వాక్యం ఎందుకు ఇలా రాశారు’ అని అడగవచ్చు. నిపుణులు, సంఘాలు వచ్చి తమ బాధ చెప్పుకోవచ్చు. శాఖలవారీగా 24 స్థాయీ సంఘాలున్నాయి. ఒక్కోదానిలో 31 మంది, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. బిల్లును వీటికి పంపవచ్చు, లేదా ఆ ఒక్క బిల్లు కోసమే ప్రత్యేకంగా కమిటీ వేయవచ్చు. పంపకపోయినా తప్పేమీ లేదు, తప్పనిసరి అని నిబంధన ఏమీ లేదు. ఈ ‘తప్పనిసరి కాదు’ దగ్గరే కథ మారింది. పార్లమెంటు పనితీరును లెక్కగట్టే పీఆర్‌ఎస్ సంస్థ ప్రకారం 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్లాయి. 17వ లోక్‌సభకు వచ్చేసరికి అది 16 శాతానికి పడిపోయింది.

కమిటీ పని ఎలా ఉంటుందో కొత్త ఆదాయపు పన్ను చట్టంలో చూడవచ్చు. 2025 ఫిబ్రవరి 13న బిల్లు పెట్టారు, సెలెక్ట్ కమిటీకి పంపారు. కమిటీ 285 సిఫారసులు చేసింది. ఆగస్టు 8న ప్రభుత్వం పాత బిల్లును వెనక్కి తీసుకుని, మార్పులు కలిపి ఆగస్టు 11న కొత్త బిల్లు పెట్టింది. అదే రోజు లోక్‌సభ దాన్ని మూడు నిమిషాల్లో పాస్ చేసింది. ‘మూడు నిమిషాల్లో చట్టమా’ అని నోరెళ్లబెట్టారు చాలామంది. నాకూ నచ్చలేదు, 536 సెక్షన్ల చట్టం మీద ఎంపీలు నోరు విప్పకపోవడం ఏ లెక్కన చూసినా బాగోలేదు. అయితే దాని మీద అసలు పనే జరగలేదనడం సరికాదు. పని నెలల తరబడి కమిటీ గదిలో జరిగింది. ఏ కమిటీకీ వెళ్లకుండా మూడు నిమిషాల్లో పాసైన బిల్లుకీ దీనికీ చాలా తేడా ఉంది. 2021 నవంబర్ 29న సాగు చట్టాల రద్దు బిల్లు రెండు సభల్లోనూ చర్చ లేకుండానే గట్టెక్కింది.

మన విభజన బిల్లు ఏ స్థాయీ సంఘానికీ వెళ్లలేదు. మూడో అధికరణ ప్రకారం రాష్ట్రపతి దాన్ని ఉమ్మడి రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోసం పంపారు. 2014 జనవరి 30న శాసనసభ దాన్ని మూజువాణి ఓటుతో, అంటే ఔను, కాదు అనే అరుపుల లెక్కతో, తిరస్కరించింది. ఆ అభిప్రాయం పార్లమెంటును కట్టేయదు. ఫిబ్రవరి 13న హోంమంత్రి సుశీల్ కుమార్ షిండే లోక్‌సభలో బిల్లు పెట్టారు. అదే రోజు విజయవాడ ఎంపీ పెప్పర్ స్ప్రే కొట్టడం, సభ్యులు దగ్గుతూ బయటికి పరుగెత్తడం దేశమంతా చూసింది. ఆ గందరగోళంలో అసలు బిల్లు ప్రవేశపెట్టినట్టా కాదా అని ప్రతిపక్ష నాయకులే అడిగారు. ఫిబ్రవరి 18న సభ దాన్ని మూజువాణి ఓటుతో ఆమోదించింది. హైదరాబాద్‌లో తిరస్కరించిందీ మూజువాణి ఓటే, ఢిల్లీలో ఆమోదించిందీ మూజువాణి ఓటే. మధ్యలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపం అన్నారు. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న ఏ తెలుగువాడికీ ఆ ఖాళీ తెర మరపురాదు, సంతోషించినవాడికైనా ఏడ్చినవాడికైనా.

ఆ తెర వెనక జరిగిన ఘట్టం పేరు క్లాజులవారీ పరిశీలన. లోక్‌సభలో బిల్లుకు ఇదే గుండెకాయ. ముందు ‘బిల్లును పరిశీలనకు తీసుకోవాలి’ అనే తీర్మానం మీద సాధారణ చర్చ నడుస్తుంది. ఉపన్యాసాలు, కవితలు, చరిత్ర, ఎవరి తాత ఏం చేశాడు అన్నీ ఇక్కడే. ఆ చర్చ అయ్యాక స్పీకర్ ఒక్కో క్లాజూ చదువుతారు. ‘క్లాజ్ 2 బిల్లులో భాగం కావాలి, ఔననేవాళ్లు ఔననండి, కాదనేవాళ్లు కాదనండి’ అంటారు. ఎవరైనా సవరణ ఇచ్చి ఉంటే అది ముందు ఓటుకు వస్తుంది. ‘పరిశీలించాలి’ అన్నచోట ‘నెలకొల్పాలి’ అని మార్చమని ఏ ఎంపీ అయినా ఇక్కడే అడగాలి. అడగాలంటే ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, తన పేరు పిలిచినప్పుడు సీట్లో ఉండాలి, అరుపుల మధ్య తన గొంతు స్పీకర్‌కు వినిపించాలి. సవరణల్లేని క్లాజులను గుత్తగా ‘క్లాజ్ 3 నుంచి 40 వరకు’ అని ఒకే ఓటుకు పెట్టేస్తారు. విభజన బిల్లు మీద సవరణలు పెట్టినవారిలో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఉన్నారు. ఆయన సవరణలు వీగిపోయాయి.

ఈ దశలో ఒక విచిత్రం ఉంది. రెండో క్లాజుతో మొదలుపెట్టి అన్నీ అయ్యాక, షెడ్యూళ్లు కూడా అయ్యాక, అప్పుడు ఒకటో క్లాజు ఓటుకు వస్తుంది, దాని వెంట బిల్లు పూర్తి పేరు. బిడ్డ పుట్టాకే పేరు పెట్టినట్టు. చాలామంది ఆ ఒకటో క్లాజును పేరే కదా అని దాటేస్తారు. నేనైతే బిల్లు చేతికి రాగానే ముందు దాన్నే చూస్తాను. చట్టం ఎప్పటి నుంచి అమల్లోకి వస్తుందో రాసి ఉండేది అక్కడ. ‘కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి’ అని ఉందంటే, పార్లమెంటు పాస్ చేసినా ఆ చట్టం బీరువాలోనే ఉండవచ్చని అర్థం. వేతనాల కోడ్ 2019లో పాసైంది, మిగతా మూడు కార్మిక కోడ్‌లు 2020 సెప్టెంబర్‌లో. నాలుగూ అమల్లోకి వచ్చింది 2025 నవంబర్ 21న. ఒక్కోసారి చట్టం అమల్లోకి వచ్చినా దాని కింద రావాల్సిన నియమాలు రావు. పౌరసత్వ సవరణ బిల్లు 2019 డిసెంబర్‌లో పాసైతే, నియమాలు 2024 మార్చి 11న వచ్చాయి. బిల్లులో ‘నిర్దేశించిన విధంగా’ అనే మాట ఎక్కడ కనిపించినా, ఆ నిర్దేశించేది పార్లమెంటు కాదు, తర్వాత ఎప్పుడో ఒక శాఖ అని గుర్తుపెట్టుకోవాలి.

క్లాజులు అయ్యాక మంత్రి ‘బిల్లును ఆమోదించాలి’ అని చివరి తీర్మానం పెడతారు. ఇది మూడో పఠనం. మాటలు మార్చే అవకాశం దాదాపు దాటిపోయినట్టే, ఔనా కాదా అంతే.

ఇప్పుడు మూజువాణి ఓటు సంగతి. స్పీకర్ రెండు వైపుల అరుపులూ విని ‘ఔననేవారే నెగ్గారు’ అంటారు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే కథ కంచికి. ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో, ఎవరు క్యాంటీన్లో కూర్చున్నారో ఏ రికార్డులోనూ ఉండదు. అభ్యంతరం చెబితే డివిజన్. గంట మూడున్నర నిమిషాలు మోగుతుంది, సభ్యులు పరుగున వస్తారు, తలుపులు మూస్తారు, బటన్లు నొక్కుతారు. ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా అచ్చవుతుంది. డివిజన్ అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్‌కు అనిపిస్తే సభ్యులను సీట్లలో లేచి నిలబడమని తలలు లెక్కపెట్టి ఫలితం చెప్పవచ్చు. అప్పుడు లెక్క ఉంటుంది, పేర్లుండవు.

మన చట్టాల్లో చాలావరకు ఈ అరుపుల లెక్క మీదే పాసయ్యాయి. రాజ్యాంగ సవరణలకు మాత్రం ఆ వీలు లేదు, లెక్క తేలాల్సిందే. అందుకే 2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు 454 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం అని మనకు తెలుసు. ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ ఎంపీ, రెండోవారు ఔరంగాబాద్ ఎంపీ, ఇద్దరూ మజ్లిస్ పార్టీవారే. ముస్లిం, ఓబీసీ మహిళలకు వాటా లేదన్నది వారి అభ్యంతరం. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఆ ఓటుకు వారిని నిలదీయడానికో మెచ్చుకోవడానికో ఓటరుకు ఒక ఆధారం ఉంది. విభజన బిల్లుకు అటువంటి పట్టిక లేదు. మన జీవితాలను ఇంతగా మార్చిన చట్టం మీద ఏ ఎంపీ ఏ వైపు నిలబడ్డాడన్నది వాళ్లు బయట చెప్పుకున్న మాటల్లోనే వెతుక్కోవాలి. ఇది నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

‘పేర్లు తెలిస్తే మాత్రం ఏం లాభం, ఇలాగే ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశం, అదే విప్, ఉంటుంది కదా’ అని ఒక స్నేహితుడు వాదిస్తాడు. మాటలో పస ఉంది. 1985 నాటి ఫిరాయింపు నిరోధక చట్టం వచ్చాక పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సీటుకే ఎసరు. ఎంపీ ఓటు అతని పార్టీ ఓటే. అయితే డివిజన్ పట్టికలో గైర్హాజరైనవాళ్లూ దొరికిపోతారు. నియోజకవర్గంలో గర్జించి, ఓటింగ్ వేళకు మాయమయ్యే విద్య మనవాళ్లకు కొత్త కాదు.

లోక్‌సభ దాటిన బిల్లు రాజ్యసభకు వెళుతుంది. అది ద్రవ్య బిల్లని, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లని, స్పీకర్ ధ్రువీకరిస్తే రాజ్యసభ 14 రోజుల్లో సిఫారసులు మాత్రమే చేయగలదు. 2016లో ఆధార్ బిల్లు అలా వెళ్లింది. మార్చి 16న రాజ్యసభ అయిదు సవరణలు సూచిస్తే లోక్‌సభ అదే రోజు తోసిపుచ్చింది. మామూలు బిల్లయితే అలా కుదరదు. రాజ్యసభ ఒక్క మాట మార్చినా బిల్లు మళ్లీ లోక్‌సభకు రావాలి, అది కూడా ఒప్పుకోవాలి. పైగా లోక్‌సభ రద్దయితే, అక్కడ పెండింగులో ఉన్న బిల్లులతోపాటు, అక్కడ పాసై రాజ్యసభలో ఆగినవీ మురిగిపోతాయి. రాజ్యసభలో మొదలై ఇంకా లోక్‌సభకు చేరనివి మాత్రం మురిగిపోవు. 1996 నుంచి లోక్‌సభలో పెట్టిన ప్రతిసారీ సభతోపాటే పోతున్న మహిళా బిల్లును 2008లో రాజ్యసభలో పెట్టింది ఈ తెలివితోనే. 2010 మార్చి 9న అక్కడ పాసైంది. తర్వాత లోక్‌సభకు వచ్చి, నాలుగేళ్లు పడి ఉండి, 2014లో మళ్లీ మురిగిపోయింది.

ఈ నియమం పక్కన 2014 ఫిబ్రవరి క్యాలెండర్ పెట్టి చూడండి. 18న లోక్‌సభ పాస్ చేసింది. 20న బిల్లు రాజ్యసభలో ఉంది. ఆ సమావేశాలు 21తో ముగిశాయి, ఎన్నికల ముందు అవే చివరివి. రాజ్యసభలో వెంకయ్యనాయుడు ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కావాలని పట్టుబట్టారు. దాన్ని సవరణగా బిల్లులో చేరిస్తే మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి, మళ్లీ ఆ రభసలో నెగ్గాలి, అదీ ఒక్క రోజులో. కాకపోతే బిల్లు మొత్తం మురిగిపోతుంది. అప్పుడు ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి, అయిదేళ్ల ప్రత్యేక హోదా సహా కొన్ని హామీలను ప్రకటనగా చదివారు. బిల్లు మారలేదు, పాసైంది. మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం, జూన్ 2న రెండు రాష్ట్రాలు.

హోదా చట్టంలో ఎందుకు లేదు అనే ప్రశ్నకు రాజకీయ సమాధానాలు వంద ఉండవచ్చు. నాకు కనిపించే జవాబు ఆ క్యాలెండర్లో ఉంది. సభలో ప్రధాని ఇచ్చిన మాటకు విలువ లేదని కాదు. మంత్రుల హామీలు ఏమయ్యాయో చూడటానికి రెండు సభల్లోనూ హామీల కమిటీలున్నాయి. కానీ ప్రభుత్వం మారితే మాట పట్టు సడలుతుంది, సెక్షన్ పట్టు సడలదు. అదే చట్టంలో 90వ సెక్షన్ పోలవరాన్ని ‘జాతీయ ప్రాజెక్టుగా ఇందుమూలంగా ప్రకటించడమైనది’ అంటుంది. నిధుల మీద, ఎత్తు మీద, గడువు మీద ఎన్ని గొడవలు పడినా, జాతీయ ప్రాజెక్టు కాదని ఎవరూ అనలేకపోయారు.

సెక్షన్ ఉన్నంత మాత్రాన పని అయిపోతుందా అంటే అదీ లేదు. 26వ సెక్షన్ చూడండి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ సీట్లు 175 నుంచి 225కి, తెలంగాణవి 119 నుంచి 153కి పెంచాలని అందులో స్పష్టంగా ఉంది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ‘ఈసారి సీట్లు పెరుగుతాయి’ అని రెండు వైపులా ఆశావహులు తిరిగారు. ఆ సెక్షన్ మొదట్లోనే ‘రాజ్యాంగంలోని 170వ అధికరణకు లోబడి’ అని ఉంది. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకా సీట్లు మార్చకూడదనేది ఆ అధికరణ. 2025 జూలై 25న సుప్రీంకోర్టు, సీట్లు పెంచమన్న పిటిషన్‌ను కొట్టేస్తూ ఎత్తిచూపింది ఈ ‘లోబడి’నే. బిల్లు లోక్‌సభలో పెట్టిన నాడే ఆ మాట అందులో ఉంది, క్లాజ్ 26లో, మొదటి వరుసలో.